క్లినోస్టాట్‌లో వేళ్లన్నీ ఒకే వైపుకి పోతున్నాయి, ఏం చూడాలి?

గరివిడి_సైన్స్
డిగ్రీ బోటనీ పిల్లల ప్రాజెక్టు. క్లినోస్టాట్ అంటే మొలకని నెమ్మదిగా తిప్పుతూ దానికి కింద ఎటో తెలియకుండా చేసే పరికరం. అంతరిక్షంలో పైనా కిందా తెలియనప్పుడు వేరు ఎటు పోతుందన్నది విషయం. 12 వోల్టుల డీసీ గేర్ మోటర్, 1 ఆర్‌పీఎం (నిమిషానికి ఒక చుట్టు). ఇరుసు నేలకి అడ్డంగా ఉంది. దాని చివర 90 మిల్లీమీటర్ల పెట్రీ డిష్‌ని (మూతున్న పల్చటి గుండ్రటి గిన్నె) నిలువుగా బిగించాం. లోపల 1 శాతం అగర్ జెల్లీ, 20 ఆవగింజలు, చుట్టూ నల్ల కాగితం. పక్కనే కదలకుండా ఇంకో డిష్. కదలని డిష్‌లో వేళ్లు చక్కగా కిందకే దిగాయి. తిరిగే డిష్‌లో చెదిరిపోవాలి కదా, ముప్పావు వంతు వేళ్లు ఒకే వైపుకి పోయాయి. మూడో రోజుకి బూజు కూడా పట్టింది. మోటర్ మార్చాలా, గింజ మార్చాలా? బొబ్బర్లతో చేస్తే మేలా?

అరసవల్లి_ఎండ
1 ఆర్‌పీఎం మరీ నెమ్మది. 30కి పెంచండి, వేరుకి దిక్కు తెలిసే టైమే ఉండదు.

బొబ్బిలి_ఎలక్ట్రానిక్స్
పెంచకండి. వేగం పెరిగితే అపకేంద్ర బలం పెరుగుతుంది, అదీ వేగం వర్గం చొప్పున. మధ్య నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గింజకి లెక్క వేస్తే 1 ఆర్‌పీఎం దగ్గర ఆ బలం భూమి గురుత్వంలో సుమారు 22,000వ వంతు. 2 ఆర్‌పీఎం దగ్గర 5,600వ వంతు. 30 దగ్గర ఏకంగా 25వ వంతు. అంత ఉంటే వేరుకి బయటి అంచే కిందవైపు అయిపోతుంది. వెయ్యో వంతుకి దిగువన ఉంచాలని పెట్టుకుంటే ఈ సైజు డిష్‌కి 1, 2 ఆర్‌పీఎం సరిపోతాయి.

అసలు అడిగాయనకి నా ప్రశ్నలు రెండు. ఇరుసు లెవెల్ దేనితో చూశారు? డిష్ అంచున ఒక గుర్తు పెట్టి, పై నుంచి కిందకి వచ్చే అర చుట్టుకి ఎన్ని సెకన్లు, కింద నుంచి పైకి వెళ్లే అర చుట్టుకి ఎన్ని సెకన్లు, విడివిడిగా చూశారా?

నాగావళి_ఒడ్డు
నాదీ ఒక ప్రశ్న. గింజలు పెట్టినప్పుడు వేరు వచ్చే మొన ఎటు ఉంది? అన్నీ ఒకే వైపుకా?

గరివిడి_సైన్స్
లెవెల్ కంటితో చూసిందే. ఇప్పుడు ఫోన్‌లో టైము కట్టాం. దిగడానికి 27 సెకన్లు, ఎక్కడానికి 33. గింజలు నాలుగు వరసలు, మొన అన్నిటికీ ఒకే వైపు. చూడ్డానికి పద్ధతిగా ఉంటుందని అలా పెట్టారు.

బొబ్బిలి_ఎలక్ట్రానిక్స్
ఆ 27, 33 దగ్గరే సగం జవాబు ఉంది. డిష్ ఒక పక్క బరువుగా ఉంది. బరువు పక్క దిగేటప్పుడు గేర్ పళ్ల మధ్య సందు వల్ల ముందుకి జారిపోతుంది, ఎక్కేటప్పుడు మోటర్ ఈడుస్తుంది. తిరుగుడు సమంగా ఉంటేనే గురుత్వం సగటున సున్నా అవుతుంది. ఒక సగానికి 27, ఇంకో సగానికి 33 అయితే సున్నా కాదు, భూమి గురుత్వంలో 6 శాతం పైగా ఒకే దిక్కులో మిగిలిపోతుంది. సెకను తేడా ఉన్నా 1 శాతం మిగులుతుంది. ఆర్‌పీఎం గురించి వాదించుకునే బలం కన్నా ఇది వందల రెట్లు ఎక్కువ, దీన్ని మాత్రం ఎవరూ చూడరు.

రెండోది వాలు. 30 సెంటీమీటర్ల చెక్క మీద 5 మిల్లీమీటర్ల ఎత్తు తేడా ఉంటే ఒక డిగ్రీ. దాంతో ఇరుసు పొడవునా 1.7 శాతం గురుత్వం ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది. మీరు బిగించిన తీరులో ఆ లాగుడు డిష్‌కి అడ్డంగా పడుతుంది కాబట్టి వేళ్లు అగర్‌లోకి దూరడమో, అగర్ వదిలి గాల్లోకి లేవడమో కనిపిస్తుంది. మేస్త్రీ దగ్గరుండే రసమట్టం చాలు. చెక్కని చూసి ఆగకండి, ఇరుసు మీదే పెట్టి చూడండి.

సరిచేసే పద్ధతి: డిష్‌ని మోటర్ నుంచి విప్పి, మధ్యలో సూది గుచ్చి వేలాడదీయండి. ఏ పక్క బరువో ఆ పక్క కిందకి వస్తుంది. ఎదురు పక్క అంచుకి ఎంసీల్ ముద్ద కొంచెం కొంచెం అంటించుకుంటూ పోండి. ఎలా వదిలితే అలా నిలబడాలి. అగర్ పోసి, గింజలు పెట్టి, మూత అంటించాకే ఈ పని చెయ్యాలి, ముందు చేస్తే వృథా.

కుదిరితే మోటరే మార్చండి. 28బీవైజే-48 అనే చిన్న స్టెప్పర్ మోటర్ (అడుగులు అడుగులుగా తిరిగేది), దాన్ని నడిపే యూఎల్‌ఎన్2003 డ్రైవర్ బోర్డు, ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు ఒకటి. చుట్టుకి సుమారు 2,048 అడుగులు. 1 ఆర్‌పీఎం కావాలంటే అడుగుకీ అడుగుకీ మధ్య 29.3 మిల్లీ సెకన్లు. 2 ఆర్‌పీఎంకి 14.6. వేగం మీ చేతిలో ఉంటుంది. దీని గేర్లలోనూ సందు ఉంది, బలం కూడా తక్కువే, కాబట్టి బరువు సమం చెయ్యడం తప్పదు.

నాగావళి_ఒడ్డు
మిగతా సగం గింజల వరసలో ఉంది. వేరు తొడుగు కణాల్లో పిండి రేణువులు ఉంటాయి. అవి కణం అడుగుకి చేరితే అటే కింద అని వేరుకి తెలుస్తుంది, ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్ ఆ పక్కన పోగవుతుంది, అటు పెరుగుదల తగ్గుతుంది, వేరు అటే ఒంగుతుంది. క్లినోస్టాట్ తిప్పుతూ ఉండడం వల్ల ఆ రేణువులు ఒక గోడ దగ్గర కుదురుకోలేవు. కుదురుకోకపోతే వేరు ఏం చేస్తుంది? చెదిరిపోదు. మొన ఎటు ఉంటే అటే దాదాపు సూటిగా పోతుంది. అన్ని మొనలూ ఒకే వైపు పెడితే వేళ్లన్నీ ఒకే వైపు పోవడం క్లినోస్టాట్ బాగా పనిచేసినా జరిగేదే. మీ డిష్ చూసి అది మొన ప్రభావమో, బొబ్బిలి గారు చెప్పిన మిగులు గురుత్వమో తేల్చలేం.

కాబట్టి గింజల్ని అయిదేసి చొప్పున నాలుగు దిక్కులకీ పెట్టండి. అయిదింటి మొన పైకి, అయిదు కిందకి, అయిదు ఎడమకి, అయిదు కుడికి. నాలుగు గుంపులూ తమ తమ దిక్కునే పోతే క్లినోస్టాట్ సరిగ్గా ఉన్నట్టు. నాలుగూ కలిసి ఒకే వైపు తిరిగితే ఏదో లాగుతోంది.

గరివిడి_సైన్స్
ఇది పిల్లలతోనే చేయించి వాళ్లనే తేల్చమంటాను. తిరిగేదీ కదలనిదీ రెండు డిష్‌లు చాలా?

నాగావళి_ఒడ్డు
చాలవు, మూడోది కావాలి. నిలువు ఇరుసున్న బల్ల మీద డిష్‌ని నిలబెట్టి అదే వేగంతో తిప్పాలి. అందులో తిరుగుడు ఉంది, మోటర్ అదురు ఉంది, గురుత్వం మాత్రం ఎప్పుడూ కిందకే. అక్కడ వేళ్లు కిందకే దిగితే, మీ అడ్డ ఇరుసు డిష్‌లో వచ్చిన మార్పుకి అదురు కారణం కాదని చెప్పగలరు. వైవాలో మొదట అడిగేది ఇదే.

పలాస_జీడి
బొబ్బర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఇస్రో వాళ్లు పంపింది బొబ్బర్లే కదా. పాలకూర కూడా పెంచారు.

వంశధార88
పాలకూర మొక్క పెంచలేదు, అది వేరే ప్రయోగం. 2024 డిసెంబర్ 30న ఇస్రో రాకెట్ పీఎస్ఎల్వీ-సీ60 వెళ్లింది. దాని నాలుగో దశనే కక్ష్యలో వేదికగా వాడారు, పోయెమ్-4 అంటారు, సుమారు 350 కిలోమీటర్ల ఎత్తు. అందులో విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం వాళ్ల క్రాప్స్ పెట్టెలో 8 బొబ్బర గింజలు. నాలుగు రోజుల్లో మొలిచాయి, తర్వాత ఆకులు విచ్చుకున్నాయి. పెట్టెలో కెమెరా, ఆక్సిజన్, కార్బన్ డై ఆక్సైడ్, తేమ, ఉష్ణోగ్రత కొలిచేవి అన్నీ ఉన్నాయి. పాలకూర అదే పోయెమ్ మీద అమిటీ యూనివర్సిటీ పెట్టింది, అక్కడ ఉన్నవి కణాలు మాత్రమే.

2025 జూన్ 25న బయల్దేరిన ఆక్సియం-4 యాత్రలో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మొలకెత్తించినవి పెసలు, మెంతులు. అది ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఐఐటీ ధార్వాడ వాళ్ల ప్రయోగం.

ఇంకొకటి, పిల్లల చార్టులో అక్కడ గురుత్వం ఉండదు అని రాయించకండి. 350 కిలోమీటర్ల ఎత్తులో భూమి గురుత్వం 90 శాతం దాకా ఉంటుంది. పెట్టె, నీళ్లు, గింజ అన్నీ కలిసి ఎడతెగకుండా పడుతూ ఉంటాయి కాబట్టి బరువు తెలియదు, అంతే.

ఆముదాలవలస_విత్తనం
బొబ్బర్లు మంచి గింజే గాని 90 మిల్లీమీటర్ల డిష్‌కి పెద్దవి. మూతకి తగులుతాయి, రెండు రోజుల్లో వేరు అంచుకి చేరిపోతుంది. పైగా నీళ్లు తాగి గింజ బరువు దాదాపు రెట్టింపవుతుంది, బొబ్బిలి గారు సమం చేయించిన బరువు రాత్రికి రాత్రే మారిపోతుంది. బొబ్బర్లే కావాలంటే ముందు 6 నుంచి 8 గంటలు నానబెట్టి, తడి గుడ్డలో ఉంచి, మొలక 3 మిల్లీమీటర్లు వచ్చాక లోతున్న ప్లాస్టిక్ డబ్బాలో బిగించండి. డిష్‌కి ఆవాలే సరి.

ఇక బూజు. ఎక్కువగా గింజతోనే వస్తుంది, గాల్లోంచి తక్కువ. కొట్లో దొరికే సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) సాధారణంగా 4 శాతం ఉంటుంది. ఒక వంతుకి మూడు వంతుల నీళ్లు కలిపితే 1 శాతం. 100 మిల్లీ లీటర్లకి గిన్నెలు తోమే సబ్బు నీళ్లు ఒక్క చుక్క, గింజకి పట్టడానికి. ఆవాలకి 10 నిమిషాలు, మధ్య మధ్య కుదపాలి. మరిగించి చల్లార్చిన నీళ్లతో 5 సార్లు కడగాలి. క్లోరిన్ వాసన ఉంటే ఇంకోసారి. ఎక్కువ సేపు ఉంచితే బూజుతో పాటు మొలక కూడా చస్తుంది. దీంట్లో యాసిడ్ గాని, టాయిలెట్ కడిగే మందు గాని కలపనివ్వకండి, విషపు గాలి వస్తుంది. కిటికీలు తీసి చెయ్యండి.

అగర్‌లో చక్కెర వేశారేమో చూడండి. నాలుగైదు రోజుల ప్రయోగానికి గింజలో ఉన్న ఆహారమే చాలు. చక్కెర వేస్తే బూజుకి భోజనం పెట్టినట్టే. కిరాణా కొట్లో చైనా గ్రాస్ అని అమ్మేది కూడా అగరే, అదీ పనికొస్తుంది. లీటరుకి 12 గ్రాములు వెయ్యండి, 10 వేస్తే నిలువుగా తిరిగేటప్పుడు ఒక్కోసారి అంచు నుంచి ఊడుతుంది. డిష్‌కి 25 మిల్లీ లీటర్లు. గిన్నె చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక పోయండి. పోసిన తర్వాత మూత ఓరగా 20 నిమిషాలు ఉంచండి. వేడిగా పోసి మూసేస్తే మూత లోపల చెమర్చిన నీళ్లు డిష్‌తో పాటు తిరుగుతూ గింజల్ని ఈడ్చుకుపోతాయి. ఒక పక్క నీరు నిలిస్తే వేరు దాని కోసం అటు ఒంగుతుంది, మళ్లీ అదే ఫిర్యాదు.

పలాస_జీడి
బొబ్బర్లు మిగిల్తే వడలైనా అవుతాయని ఆశ పడ్డాను.

ఆముదాలవలస_విత్తనం
తినే బొబ్బర్లయితే వేసుకోండి. విత్తనాల దుకాణంలో కొన్న రంగు గింజలకి మాత్రం థైరమ్ లాంటి మందు పట్టించి ఉంటుంది. వాటిని తినకూడదు, చేతికి తొడుగు లేకుండా పిల్లలు ముట్టకూడదు కూడా. ప్రయోగానికి మందు పట్టించని గింజే తీసుకోండి, మందు మొలకని ఎంత మార్చిందో మీకు తెలియదు.

చోళ్లచేను
ఆవాలు చలికాలపు గింజ. మన దగ్గర ఏప్రిల్, మే గదుల్లో ఆవాల మొలక సమంగా రాదు. అప్పుడు చెయ్యాలంటే చోళ్లు (రాగులు) పెట్టండి. గింజ ఆవగింజ కన్నా పెద్దది కాదు, ఎండని తట్టుకుంటుంది, సంతలో దొరుకుతుంది. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానంలో చిరుధాన్యాల మీదే పని జరుగుతుంది, రకం పేరు తెలిసిన శుద్ధమైన విత్తనం అక్కడ అడగండి. రకం పేరు లేకుండా సంత గింజలు పెడితే మొలకలో తేడా రకానిదో ప్రయోగానిదో చెప్పలేరు. చోళ్లకి హైపోక్లోరైట్ 5 నిమిషాలు చాలు. మొలక వచ్చే చోట చిన్న నొక్కు ఉంటుంది, భూతద్దం పెడితే కనిపిస్తుంది. దాన్ని బట్టే దిక్కు పెట్టాలి.

నాగావళి_ఒడ్డు
చోళ్లతో ఒప్పుకోను, మొదటి ప్రయోగానికైతే. వేరు సన్నం, ఫోన్ ఫోటోలో కోణం కొలవడం కష్టం. ఏసీ గది లేకపోతే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి లోపు ఆవాలతో చెయ్యడమే మేలు. అది కుదిరాక చోళ్లు.

చోళ్లచేను
సెమిస్టర్ ఫిబ్రవరి దాకా ఆగుతుందేటి? తెల్ల అగర్ కింద నల్ల కాగితం పెట్టి, పక్క నుంచి లైటు కొడితే చోళ్ల వేరు కూడా బాగానే కనిపిస్తుంది. 24 గంటలకి కొలవొద్దు, 48కి కొలవండి.

వంశధార88
మూత దేనితో అంటించారో గరివిడి గారు చెప్పలేదు. సెల్లో టేపుతో చుట్టూ బిగించేస్తే గింజలు వదిలే ఇథిలీన్ అనే వాయువు లోపలే ఉండిపోతుంది, వేరు పొట్టిగా లావుగా అయ్యి దిక్కు తప్పుతుంది. ఆసుపత్రుల్లో వాడే కాగితపు టేపు వెయ్యండి, గాలి ఆడుతుంది.

ఇది చిన్న విషయం కాదు. 1996-97లో రష్యా వాళ్ల మీర్ అంతరిక్ష కేంద్రంలో పొట్టి రకం గోధుమ పెంచితే వెన్నులు వచ్చాయి గాని అన్నీ తాలే. బరువు లేకపోవడం వల్లే గింజ కట్టలేదని అనుకోవడం సులువు. తర్వాత తేలింది, అక్కడి గాలిలో పేరుకున్న ఇథిలీన్ వల్ల పుప్పొడి పనికిరాకుండా పోయింది. ఇథిలీన్‌ని తట్టుకునే గోధుమ రకం పెట్టాక మీర్‌లోనే గింజ వచ్చింది.

అందుకే క్లినోస్టాట్ చూపించి అంతరిక్షంలో మొక్క ఇలాగే పెరుగుతుందని పిల్లలకి చెప్పడం నాకు ఇష్టం లేదు. క్లినోస్టాట్ దిక్కు తెలియకుండా చేస్తుంది, బరువు తియ్యదు. డిష్‌లో వేడి గాలి పైకి లేస్తూనే ఉంటుంది, నీళ్లు కిందకి జారుతూనే ఉంటాయి. కక్ష్యలో మొక్కకి ప్రాణం మీదకి వచ్చేది ఆ రెండూ లేకపోవడం వల్లే. వేడి గాలి లేవదు, ఆకు చుట్టూ తేమ గాలి కదలకుండా నిలిచిపోతుంది, ఆకు నీరు వదల్లేక వేడెక్కుతుంది. ఫ్యాను ఆగితే అంతే. నీళ్లు కిందకి ఇంకవు, వేరు చుట్టూ పొరలా అంటుకుంటాయి. గాల్లో కన్నా నీళ్లలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. తడి ఎక్కువైతే వేరు ఊపిరాడక చస్తుంది, తగ్గిస్తే ఎండిపోతుంది, మధ్యలో ఉన్న జాగా చాలా ఇరుకు.

నాసా 2014లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వెజ్జీ అనే మొక్కలు పెంచే పెట్టె పెట్టినప్పుడు వాడిన పద్ధతి చూడండి. చిన్న దిండు లాంటి సంచి, లోపల కాల్చిన బంకమట్టి గుళికలు, నెమ్మదిగా కరిగే ఎరువు, గింజని పట్టుకునే వత్తి. గుళికల సైజే అక్కడ అసలు తెలివి. మరీ సన్నగా ఉంటే సందులన్నీ నీటితో నిండి గాలి ఉండదు, మరీ పెద్దగా ఉంటే ఒక గుళిక నుంచి ఇంకోదానికి నీరు పాకదు. 2015 ఆగస్టులో ఎర్ర లెట్యూస్ తిన్నారు. అదే ఏడాది చివర జీనియా మొక్కలకి తేమ ఎక్కువై బూజు పట్టింది. ఫ్యాన్లు పెంచి, చెడిన ఆకులు కోసేశాక మిగిలినవి 2016 జనవరిలో పూశాయి.

నాగావళి_ఒడ్డు
వంశధార గారూ, వేరు దిక్కు అనే ఒక్క ప్రశ్నకి క్లినోస్టాట్ సరిపోతుంది, గరివిడి గారు అడిగిందీ అదే. నీటి సంగతి వేరే ప్రయోగం. రెండూ కలిపితే పిల్లలకి ఏదీ తేలదు.

వంశధార88
దిక్కు వరకే అని రిపోర్టులో రాస్తే నాకు అభ్యంతరం లేదు. నీటి ప్రయోగం మాత్రం వదలొద్దు, మోటర్ కూడా అక్కర్లేదు. ఇటుక ముక్కలు దంచి జల్లించండి. టీ జల్లెడ గుండా దిగిపోయిన పొడి ఒకటి, దాని మీద నిలిచి కిటికీ దోమల మెష్ గుండా దిగింది ఒకటి, మెష్ మీద నిలిచింది ఒకటి. దుమ్ము పోయేలా కడిగి ఎండబెట్టండి. మూడిటినీ ఒకే సైజు గ్లాసుల్లో సమంగా నింపి, అడుగున వత్తి పెట్టి నీళ్లు పాకనివ్వండి. రోజూ తూకం వేస్తే ఎంత నీరు పట్టిందో తెలుస్తుంది. ఒక్కో దాంట్లో నాలుగు మెంతి గింజలు. పదో రోజు వేళ్లు కడిగి పొడవు కొలవండి. భూమ్మీద బరువు వల్ల కొంత నీరు దిగిపోతుంది కాబట్టి కక్ష్యలో సన్న పొడి ఇంతకన్నా చెడ్డగా ఉంటుంది, అది గుర్తుంచుకుని రాయాలి.

అరసవల్లి_ఎండ
30 ఆర్‌పీఎం మాట వెనక్కి. పాత మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్లెం తిప్పే మోటర్ ఎలా ఉంటుంది? మన కరెంటుకి 5 ఆర్‌పీఎం, వేగం అస్సలు మారదు.

బొబ్బిలి_ఎలక్ట్రానిక్స్
వేగం మారదన్నది నిజమే. 5 ఆర్‌పీఎంకి అంచున ఉన్న గింజ మీద బలం సరిగ్గా వెయ్యో వంతు దగ్గరకి వస్తుంది, కాబట్టి గింజల్ని మధ్య నుంచి 2 సెంటీమీటర్ల లోపే పెట్టుకోవాలి. ఆన్ చేసినప్పుడల్లా ఏ వైపుకి తిరుగుతుందో చెప్పలేం, అదేం నష్టం లేదు. నా అభ్యంతరం ఒక్కటే: చాలా వాటికి నేరుగా 230 వోల్టులు ఇవ్వాలి. తడి చేతుల పిల్లలు, నీళ్లు, రాత్రంతా ఎవరూ లేని గది. వద్దు.

స్టెప్పర్ అయితే 5 వోల్టులు. కరెంటు పోయినా పవర్ బ్యాంకు మీద నడుస్తుంది. మోటరూ బోర్డూ కలిపి సుమారు 250 మిల్లీ ఆంపియర్లు లాగుతాయి, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒక రోజు వస్తుంది, 20,000 అయితే నిశ్చింత. చార్జి అవుతూనే కరెంటు ఇచ్చే రకం కొనండి. పది నిమిషాలు ఆగితే చాలు, పిండి రేణువులు అడుగుకి చేరిపోతాయి, ఒంపు తర్వాత కనిపిస్తుంది. కరెంటు ఎప్పుడు పోయిందో తెలియకపోతే ఆ డేటా పనికిరాదు.

ఈ మోటర్ నిరంతరం వేడిగా ఉంటుంది. డిష్‌ని దానికి 6, 7 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, మధ్యలో అట్ట అడ్డం పెట్టండి. లేకపోతే మోటర్ పక్క అగర్ ముందుగా ఎండుతుంది.

గరివిడి_సైన్స్
సూదికి వేలాడదీస్తే మూత అంటించిన పక్కే బరువుంది. ఎంసీల్ పెట్టి మళ్లీ టైము కడితే 30, 30. రసమట్టం తెప్పించాం. కోణాలు ఎలా లెక్క వెయ్యాలి? 20 వేళ్ల కోణాలు కూడి 20తో భాగించడమేనా?

నాగావళి_ఒడ్డు
అలా చెయ్యకండి. ఒక వేరు 10 డిగ్రీలు, ఇంకోటి 350 అనుకోండి. రెండూ దాదాపు ఒకే దిక్కు. మామూలు సగటు 180 వస్తుంది, అంటే సరిగ్గా ఎదురు దిక్కు. ప్రతి కోణానికి కొసైన్, సైన్ తీసి, కొసైన్ల సగటు, సైన్ల సగటు విడిగా వెయ్యండి. రెండిటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే ఒక అంకె వస్తుంది. 1 దగ్గరుంటే వేళ్లన్నీ ఒకే దిక్కు, 0 దగ్గరుంటే చెదిరినట్టు.

కోణం రెండు రకాలుగా కొలిపించండి. ఒకటి డిష్ మీది గుర్తు నుంచి, ఇంకోటి మొదట మొన ఉన్న దిక్కు నుంచి. క్లినోస్టాట్ బాగుంటే మొదటిది 0 వైపు, రెండోది 1 వైపు వస్తాయి. కదలని డిష్‌లో దీనికి తిరగబడుతుంది. ఫోటోలు ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెడితే కోణాలు అదే ఇస్తుంది. డిష్‌కి ఫోన్ ఎదురుగా, ఒకే ఎత్తులో ఉండాలి, ఓరగా తీస్తే కోణం తప్పుతుంది. ఒక్కో రకానికి మూడు డిష్‌లు, 60 గింజలు. మొలవనివి లెక్కలోంచి తీసేసి, ఎన్ని మొలవలేదో పక్కన రాయాలి.

చోళ్లచేను
వాటితో పాటు చోళ్ల డిష్ ఒకటి అదనంగా పెట్టి చూడండి. విత్తనం ఖర్చు రూపాయి కూడా కాదు.

గరివిడి_సైన్స్
పెడతాం. తొమ్మిది ఆవాల డిష్‌లు, ఒకటి చోళ్లు. స్టెప్పర్ రేపు వస్తుంది, వచ్చాక 48 గంటల ఫోటోలు ఇక్కడే పెడతాను.

ఆముదాలవలస_విత్తనం
ఫోటో తీసేదాకా నల్ల కాగితం విప్పకండి. ఆవ మొలకకి వెలుతురు ఒక పక్క నుంచి తగిలినా దిక్కు మారుతుంది. మధ్యలో చూడాలంటే ఎర్ర లైటు వాడండి, అదీ కొద్ది సెకన్లే.